కాలవ కట్టకి తగ్గ సైకిల్

కరోనా తగ్గాక రెండో వేసవి అది, ఇరవై మూడో సంవత్సరం. తిరువూరు బస్టాండు వెనక సందులో మా సైకిల్ షాపు. మా ఆయన పెట్టారు. ఆయన పోయాక నేను చూసుకుంటున్నాను. నేను బళ్ళో చదివింది నాలుగో తరగతి దాకా. మిగతాదంతా స్పానర్ల దగ్గరే నేర్చుకున్నాను. మా షాపులో ఏదీ పారేయం. చిరిగిన ట్యూబు ప్యాచీలవుతుంది, అరిగిన టైరు చెప్పులకి అడుగవుతుంది. అమ్మే ప్రతి సైకిలూ సందు చివరి దాకా నేనే తొక్కి చూశాకే ఇస్తాను. చీరలో ముసలావిడ సైకిల్ తొక్కుతుంటే బస్టాండులో జనం ఒకప్పుడు వింతగా చూసేవాళ్ళు. ఇప్పుడు ఎవరి బస్సు కోసం వాళ్ళు చూసుకుంటున్నారు.

ఇన్నేళ్ళలో ఎందరికో సైకిళ్ళు బిగించి ఇచ్చాం. అయినా ఈ పనిలో నీకు మరిచిపోలేనిది ఏంటని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది కరుణ టీచరు సైకిలే.

మామిడికాయ దిగుతున్న రోజులవి. మధ్యాహ్నం పూట సందులో మనిషి అలికిడి ఉండదు. అలాంటప్పుడు నేను పాత చక్రమేదైనా స్టాండుకి బిగించి, తిప్పి వదిలేస్తాను. వెనక చక్రం ఇరుసు మీద ఫ్రీవీల్ అని ఒకటుంటుంది. మనం తొక్కడం ఆపినా చక్రాన్ని తన మానాన తిరగనిచ్చేది అదే. టికటికటిక అని దాని చప్పుడు. వింటూ కూర్చుంటే కళ్ళు వాటంతటవే మూతపడతాయి. నేను ఎన్నడూ వెళ్ళని దారులు కనపడతాయి. ఆ రోజూ అలా ఉండగానే ఫోను మోగింది.

"మామ్మగారూ, నేను కరుణ టీచర్ని. మీ దగ్గర గ్రావెల్ బైక్ దొరుకుతుందాండీ?"

"బైకులు మేం అమ్మమమ్మా. సైకిళ్ళే."

"సైకిలేనండి. గ్రావెల్ సైకిల్."

"గ్రావెల్‌కేనా?"

"గ్రావెల్‌కేనండి. రోజూ పోయి రావాలి, నెమలి ఊరి వైపు."

"బరువెంత ఉంటుంది?"

"బరువు ఎంత తక్కువుంటే అంత మంచిదండి. నేను తొక్కలేను కదా."

సరేనన్నాను. మా వైపు గ్రావెల్ అంటే ఒకటే అర్థం. కొత్త రోడ్డు మీద పోసేది, ఇంటి పునాదిలో నింపేది, ట్రాక్టర్లు క్వారీ నుంచి తోలుకొచ్చే ఎర్రటి రాతిమట్టి. మా మెకానిక్కు మస్తాను ముప్పై ఏళ్ళ బట్టి మా దగ్గరే ఉన్నాడు. ఆ మాట చెప్తే పాన చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"టీచరమ్మ గ్రావెల్ తోలుకోవడం ఏంటమ్మగారూ?"

"ఇల్లు కడుతున్నారేమో. ట్రాక్టరు బాడుగ ఎందుకు దండగని చూస్తుంది. ఈ కాలంలో అలాంటి పిల్లలు ఎక్కడున్నారు?"

"సైకిల్ మీద తోలి పునాది నింపితే, ఆ ఇంట్లో గృహప్రవేశం వాళ్ళ మనవలు చేస్తారు."

"నీకెందుకు? బిగించు."

రెండు గొట్టాల పాత ఫ్రేము తీశాం. పాల క్యాన్లు మోసే సైకిళ్ళకి వాడే లావు చువ్వలు, వెడల్పు క్యారేజీ, గట్టి స్టాండు వేశాం. మంచి రంగు కూడా కొట్టించాను. కరుణ టీచరు, వాళ్ళాయన ప్రభుదాసు కలిసి వచ్చేసరికి అది షాపు ముందు ఎద్దులా నిలబడి ఉంది.

"ఇదేంటి మామ్మగారూ?"

"నువ్వడిగిన గ్రావెల్ సైకిల్. రెండు బస్తాలు వేసినా కిక్కురుమనదు."

ఆ పిల్ల సైకిల్ని చూసింది, నన్ను చూసింది. విషయం అర్థమై షాపు మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ప్రభుదాసు మాత్రం నవ్వలేదు. భార్య వైపే చూస్తూ ఉన్నాడు. తరవాత నా పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు, "డిసెంబరు నుంచి ఇది నవ్వగా నేను చూళ్ళేదు మామ్మగారూ."

అప్పుడు చెప్పారు. డిసెంబరులో షేరాటోలో బడికి వెళ్తుంటే హైవే మీద వెనక నుంచి లారీ తగిలిందట. పక్కన కూర్చున్నావిడ కాలు పోయింది. కరుణకి తగిలిన దెబ్బలు మానిపోయాయి గానీ, లారీ హారను వినపడితే చేతులు కొయ్యబారిపోతున్నాయి. ఆటో ఎక్కలేదు, బస్సు ఎక్కలేదు. కింద ఇంజను మోగితే స్కూటీ మీద కూడా కూర్చోలేదు. బడి నెమలి దారిలో ఒక పల్లెలో ఉంది. పెట్టిన లీవు బళ్ళు తెరిచేదాకానే. ఆ రోజుకి తనంతట తాను బడికి చేరగలిగితే సరి, లేకపోతే ఉద్యోగం వదిలేయాలని నిర్ణయించుకుంది.

"స్కూటీ మెల్లగా అలవాటు చేయించి నేను దింపుతానన్నానండి," అన్నాడు ప్రభుదాసు. "నాకు విస్సన్నపేట సొసైటీలో పని. ఇటు దింపి అటు పరిగెత్తుతాను, ఏం పోయింది?"

"రోజూ నువ్వు చెయ్యి పట్టుకుని దింపితే పిల్లలకి నేనేం చెప్పను? ధైర్యంగా ఉండండ్రా అని చెప్పనా?" అంది కరుణ. అని నా వైపు తిరిగింది. "హాస్టల్లో ఉన్నప్పుడు సైకిల్ బాగా తొక్కేదాన్ని మామ్మగారూ. హైవే వద్దు. సాగర్ కాలవ కట్ట మీద నుంచి దారి ఉంది. అంతా గ్రావెలే. ఆ దారి మీద పోయే సైకిల్ కావాలి."

ఫోనులో ఒక వీడియో చూపించింది. ఏ దేశమో తెలియదు. పొలాల మధ్య తెల్లటి మట్టిదారి. ఒక అమ్మాయి సైకిల్ తొక్కుకుంటూ పోతోంది. వెనక సన్నగా దుమ్ము లేచి ఎండలో వెలిగి మళ్ళీ దారి మీదే వాలిపోతోంది. లారీ లేదు, హారను లేదు. టైరు కింద రాళ్ళు నలిగే చప్పుడొక్కటే. కరుణ దాన్ని అప్పటికి ఎన్నిసార్లు చూసిందో గానీ, ఆ దారి చివర తన బడే ఉన్నట్టు చూసింది. నేనూ కళ్ళజోడు సర్దుకుని చూశాను. ఆ సైకిల్ హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. ఒళ్ళు పందెం సైకిల్లా సన్నగా ఉంది, టైర్లు మాత్రం వెడల్పు. అటు తారు మీదా ఇటు మట్టి మీదా పోవడానికి చేసింది. గ్రావెల్ బైక్ అంటే అదన్నమాట.

కొత్తది కొనాలంటే ఆ ధరకి గేదె వస్తుంది. సెకండ్ హ్యాండు చూద్దామన్నాను. బెజవాడలో అలాంటివి కొని, నాలుగు రోజులు తొక్కి, బాల్కనీలో వదిలేసినవాళ్ళు ఉంటారు. ఫోనులో వెతికితే రెండు దొరికాయి. కరుణ హైవే మీద రాలేదు కాబట్టి చూడ్డానికి నేనూ ప్రభుదాసూ వెళ్ళాలి. సైకిల్ చవగ్గా కొనేవాళ్ళు చేసే పెద్ద పొరపాటు, కొలత చూసుకోకపోవడం. మిగతా ఏ భాగమైనా మార్చుకోవచ్చు. ఫ్రేము మారదు. అందుకని షాపు వెనక గదిలో కరుణని గోడకి ఆనించి నిలబెట్టి, గజ్జల దగ్గర్నుంచి మడమ దాకా నూలుదారంతో కొలిచి ముడి వేశాను. భుజం నుంచి మణికట్టుకి ఇంకో ముడి. ఆ దారం కొంగుకి కట్టుకుని బస్సెక్కాను.

మొదటిది ఎర్రగా మెరిసిపోతోంది. దారం పెట్టి చూస్తే పై గొట్టం ఎత్తు ఎక్కువ. అమ్మేవాడు, "సీటు దించుకుంటే సరిపోద్దండీ," అన్నాడు.

"సీటు దిగుద్ది నాయనా. గొట్టం కూడా దిగుద్దా?"

ప్రభుదాసుకి ఆ ఎరుపు నచ్చింది. మెట్లు దిగుతూ వెనక్కి చూస్తూనే ఉన్నాడు. రెండోది ఒక లెక్చరరు గారి బాల్కనీలో ఉంది, బూడిద కలిసిన పచ్చ రంగు. దాని మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. నేనే వాటిని తీసి మడతపెట్టి వాళ్ళకిచ్చాను. అతుకుల దగ్గర గోరు పెట్టి చూశాను, చీలిక లేదు. ముందు బ్రేకు నొక్కి సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపాను, ఫోర్కు దగ్గర లొడలొడ లేదు. ఫోర్కు అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళు. టైర్లు మాత్రం ఎండకి బీటలు వారి ఉన్నాయి. ఆ బీటల్ని ఒక్కోటీ చూపిస్తూ బేరమాడాను. చివరికి లెక్చరరు గారు, "తీసుకెళ్ళండమ్మా, దీన్ని ఎవరో ఒకరు తొక్కితే చాలు," అన్నారు. నున్న మామిడి మార్కెట్లో కాయ దింపి ఖాళీగా తిరిగొస్తున్న మా ఊరి వ్యాను ఉంటే దాంట్లో వేసుకుని వచ్చాం. దారంతా మామిడి వాసన. ఆ సైకిలుకి చాలా రోజులు ఆ వాసన పోలేదు.

తరవాత మార్పుల సంగతి. కరుణ ఫోనులో చూసి ఒక వరస చదివింది. కార్బన్ ఫోర్కు, ఆయిలు బ్రేకులు, ఇంకా నోరు తిరగనివి.

"అవన్నీ పందేలకి వెళ్ళేవాళ్ళకి. నువ్వు బడికి వెళ్తున్నావు," అన్నాను. "నేలని తాకేది, నిన్ను తాకేది, నిన్ను ఆపేది. ఈ మూడూ బాగుంటే చాలు."

నేలని తాకేవి టైర్లు. ఫ్రేములో పట్టినంత వెడల్పువి, చిన్న చిన్న బొడిపెలున్నవి తెప్పించాం. ఖర్చంతా వాటికే. నిన్ను తాకేవంటే సీటు, హ్యాండిలు. సీటు మార్చాం, హ్యాండిలుకి కొత్త టేపు చుట్టాం. ఆపేవి డిస్కు బ్రేకులు. చక్రం మధ్యలో ఇనప పళ్ళెం లాంటిది ఉంటుంది. దాన్ని రెండు వైపులా పట్టుకునే బిళ్ళలు అరిగిపోతే కొత్తవి వేశాం. ముందు పళ్ళచక్రం చిన్నది వేశాడు మస్తాను, కట్ట ఎక్కేటప్పుడు మోకాళ్ళు లాగకుండా. చున్నీ చైన్లో పడకుండా పాత లేడీసు సైకిల్ రేకు కత్తిరించి కవరు చేశాను. అది ఏ వీడియోలోనూ లేదు. బెల్లు పాతదే.

గాలి దగ్గర మాత్రం మాకు మాట తేడా వచ్చింది.

"గ్రావెల్ మీదకి గాలి తక్కువ కొట్టాలంటండీ, మామ్మగారూ."

"మా షాపులో టైరు నొక్కితే బొటనవేలు దిగకూడదు. గాలి తక్కువైతే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. దాన్ని పాము కాటు అంటాం."

"వీడియోల్లో వాళ్ళంతా చెప్తున్నారు కదండీ."

"వాళ్ళు ప్యాచీ వేస్తారా, నేను వెయ్యాలా?"

మస్తాను రాయిలా గాలి కొట్టాడు.

బళ్ళు తెరవడానికి ఇంకో వారం ఉందనగా, ఒక పొద్దున్నే కరుణ సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. మోచెయ్యి చీరుకుపోయి ఉంది. సైకిల్ని షాపు గోడకి ఆనించి, దాని మీద నుంచి చెయ్యి తీసేసింది.

"అమ్మేయండి మామ్మగారూ. ఎవరికైనా పనికొస్తుంది."

"పడ్డావా?"

"పడ్డందుకు కాదండి. వెనక చక్రం రాళ్ళ మీద జారింది చూడండి, ఆ క్షణం నా చేతులు మళ్ళీ అలాగే అయిపోయాయి. అక్కడ లారీ లేదు, ఏమీ లేదు. అయినా బ్రేకు పట్టుకోలేకపోయాను. బడికి వెళ్ళి మానేస్తున్నానని చెప్పేస్తాను. ఆయనతో కూడా చెప్పాను."

సైకిల్ని లోపల పెట్టించాను. మోచేతికి పసుపు పెట్టించి పంపాను.

ఆ రాత్రి కాస్త వాన పడింది. తెల్లారకుండానే ఆ సైకిల్ తీసుకుని కట్ట మీదకి వెళ్ళాను. నాట్లు వేసే ఆడవాళ్ళలా చీర ఎగ్గట్టుకున్నాను. కాలవలో నీళ్ళు లేవు. అడుగున పచ్చగడ్డి మొలిచి ఉంది. గేదెలు రెండు దాంట్లో మోకాళ్ళ దాకా నిలబడి, ఇంకా నిద్రలోనే ఉన్నట్టున్నాయి. తోటల్లో ఎక్కడో నెమలి అరిచింది. తడి గ్రావెల్ పసుపు కుంకుమ కలిసిన రంగులో ఉంది. ఎక్కి తొక్కాను. ప్రతి రాయీ టైరుని తన్నింది, ఆ దెబ్బ నా పళ్ళ దాకా వచ్చింది. వంపు దగ్గర వెనక చక్రం పక్కకి గెంతింది. ఆ పిల్లకి ఏమైందో అప్పుడు నా చేతులకి తెలిసింది.

దిగాను. వాల్వు నొక్కాను. తెల్లవారుజామున ఆ నిశ్శబ్దంలో గాలి బుస్సుమంటూ చాలాసేపు పోయింది. నొక్కితే బొటనవేలు కొంచెం దిగేదాకా వదిలాను. మళ్ళీ ఎక్కాను.

చప్పుడు మారిపోయింది. కరకరలాడే దారి సరసరమంటోంది. టైరు రాళ్ళని తన్నడం మానేసి, వాటి మీద ఒళ్ళు వాల్చి, ఒక్కోదాన్నీ పట్టుకుని వదులుతోంది. వంపులో చక్రం జారలేదు. ఎడమ పక్క కాలవ, కుడి పక్క మామిడి తోటలు నాతో పాటే మెల్లగా వస్తున్నాయి. నా వయసు, షాపు, పొయ్యి మీద పెట్టొచ్చిన పాలు, ఏవీ గుర్తు లేవు. తూము దాటి ఎంత దూరం వెళ్ళిపోయానో ఎండ మొహాన పడేదాకా తెలియలేదు. దిగి రిమ్ము చూశాను, చెక్కుచెదరలేదు. అంత వెడల్పు టైరు లోపల అంత తక్కువ గాలీ సరిపోయింది.

నేరుగా కరుణ ఇంటికి వెళ్ళి గుమ్మం ముందు బెల్లు కొట్టాను. జడ సగం అల్లుకుని బయటికి వచ్చింది. నా ఎగ్గట్టిన చీరనీ, దాని మీది మట్టినీ చూసింది.

"గాలి తీశాను. ఎక్కు," అన్నాను.

"మీరా తీసింది?"

"ఎక్కమంటుంటే."

ఆ వారమంతా పొద్దున్నే కట్ట మీదకి ఇద్దరం వెళ్ళాం. తను దాని మీద, నేను నా లేడీసు సైకిల్ మీద. రెండో రోజుకి చేతులు వదులయ్యాయి. మూడో రోజు వంపులో తొక్కడం ఆపి, చక్రాన్ని దాని మానాన పోనిచ్చింది. కానీ ఒకటుంది. కట్ట ఒకచోట హైవేని దాటుతుంది. బడి అవతల. రోజూ మేం అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరిగేవాళ్ళం. దాని సంగతి ఇద్దరం ఎత్తలేదు.

బడి తెరిచిన రోజు ఎత్తక తప్పలేదు. హైవే అంచున కరుణ ఒక కాలు కింద పెట్టి ఆగింది. భద్రాచలం వైపు పోయే లారీ దూరం నుంచే హారను కొట్టుకుంటూ వచ్చి మా ముందు నుంచి వెళ్ళిపోయింది. గాలికి తన చున్నీ నా మొహానికి తగిలింది. హ్యాండిలు మీద తన వేళ్ళు తెల్లబడిపోయి ఉన్నాయి.

"మామ్మగారూ, చేతులు... తొక్కలేను."

"తొక్కమని ఎవరన్నారు? దిగు."

"దిగి?"

"నడిపించుకెళ్ళు. సైకిల్ ఒక్కటే దిగి పక్కన నడిపించుకోగలిగే బండి. లారీవాడికి ఆ సుఖం లేదు."

"ఇంకో లారీ వస్తే?"

"రానీ. పోయాక దాటు. అదీ పోయాక ఇంకోటి వస్తే అదీ పోనీ."

"బడికి ఆలస్యమైతేనండీ?"

"నీ కోసం పిల్లలు ఆర్నెల్లు ఆగారు. ఇంకాసేపు ఆగలేరా?"

దిగింది. సైకిల్ని ఒంటికి ఆనించుకుని నిలబడింది. ఒక బస్సు పోయింది. ట్యాంకరు పోయింది. రోడ్డు ఖాళీ అయింది, అయినా కదల్లేదు. మళ్ళీ ఒక వ్యాను పోయింది. చూస్తుండగా తన వేళ్ళు ఒకటొకటిగా వదులై, మళ్ళీ మామూలుగా హ్యాండిల్ని పట్టుకున్నాయి. రెండు వైపులా చూసి, పిల్లని బడికి నడిపించుకెళ్ళినట్టు సైకిల్ని నడిపించుకుంటూ దాటేసింది. అవతల కట్ట మీద సైకిలెక్కి కూర్చుంది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతుందేమో అనుకున్నాను. ఊపలేదు. ఎదర దారి చూసుకుంటూ వెళ్ళిపోయింది. తోటల మలుపులో సరసర చప్పుడు వినపడినంతసేపు విని, నేను షాపుకి వచ్చాను.

"దాటిందా?" అన్నాడు మస్తాను.

"దాటింది."

"తొక్కా, నడిచా?"

"దాటింది అన్నానుగా."

ఇప్పటికీ ఆ సైకిల్ మీదే బడికి వెళ్తోంది. ఇప్పటికీ హైవే దగ్గర దిగే దాటుతుంది. తొక్కి దాటమని నేనెప్పుడూ చెప్పలేదు.

అప్పటిదాకా సైకిల్ కోసం వచ్చినవాళ్ళని నేను మనిషి ఎత్తు చూసి, స్తోమతు చూసి, దానికి తగ్గది చూపించేదాన్ని. కరుణ టీచరు తరవాత ముందు దారి అడుగుతున్నాను. తారా, మట్టా, గ్రావెలా అని. ఆ తరవాత ఇంకొకటి అడుగుతాను. ఆ దారిలో మీకు ఎక్కడ భయమేస్తుంది అని. చాలామంది నవ్వుతారు. ఆ మధ్య ఒకాయన వచ్చాడు, మంచి పొడగరి, మీసాలు మెలితిప్పుకున్నాడు. "భయమా? నాకా?" అని సందంతా వినపడేలా నవ్వాడు. నేను పని చేసుకుంటూ కూర్చున్నాను. ఆయన ఆ సైకిలూ ఈ సైకిలూ తాకి చూస్తూ కాసేపు తిరిగి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"వాగు మీద చప్టా ఉందండీ. వానాకాలం దాని మీద నుంచి నీళ్ళు పారతాయి."

అప్పుడు లేచి ఆయనకి బ్రేకులు చూపించాను.